నీళ్ల దొంగను నిలదీసిన విలేకరి

నేనింగా బతికే ఉండానంటే నాకే నమ్మకం లేదప్పా! రబ్బానీ, ఇంగో టీ పొయ్యి.

మొన్న ఆళ్లగడ్డలో నాటకం. అందులో పేపర్ విలేకరి వేషం ఒకటుంది. నంద్యాలలో నిజం విలేకరిని నేనుండంగా ఇంగొకడెందుకని నన్నే పిలిచినారు. ఒకటే డైలాగు. కాలువ నీళ్లు దొంగతనంగా తన మడికి తిప్పుకున్న ఆసామికి వేలు చూపించి, "నువ్వు దొంగవి! పేపర్లో వేస్తా!" అని అరచాల. ఆసామి వేషం మద్దిలేటిరెడ్డిది. ఆయన నిజంగానే పెద్ద ఆసామి, ఆ పక్క పల్లెల్లో ఆయన ముందర ఎవురూ దగ్గను గూడా దగ్గరు. నాటకమే గదా, ఏం భయం అనుకున్నా.

మన విలేకర్ల పని సంగతి మీకు తెల్సు గదా. సభ జరగకముందే వార్త రాసి, పేపరు అచ్చయ్యే బెజవాడకు పొయ్యే రైలుకు కవరిచ్చేస్తాం, లేకుంటే చల్లారిపోతాది. ఇదీ అట్లే రాసినా. 'విలేకరి సింహం మాదిరి గర్జించినాడు, జనం చప్పట్లు కొట్టినారు' అని నన్ను నేనే పొగుడుకొని, కవరిచ్చి బస్సెక్కినా.

ఆడ స్టేజీ ఎక్కి సూస్తే ముందు వరసంతా రెడ్డి మనుషులే! ఒళ్లో కట్టెలు. వాళ్లకు నాటకం గీటకం ఏం తెలుసప్పా? చూపియ్యాల్సిన వేలు మడిచి వెనక్కి దాపెట్టుకున్నా. రెడ్డి మీసం దువ్వి, "ఏందప్పా, ఏమో అడగాలన్నావే?" అన్నాడు.

"మీరు... మీరు ధర్మప్రభువులు సామీ!" అని కాళ్లకు మొక్కేసినా!

ముందు వరస చప్పట్లే చప్పట్లు. దొంగే దేవుడైపోయినాక ఇంగ కథేముంది? తెర దించేసినారు.

ఈ పొద్దు పేపరొచ్చింది. నాటకం అన్న మాట యాడో అడుగున, చీమంత అక్షరాల్లో. పైన మాత్రం బెజవాడోళ్లు లావుగా పెట్టిన హెడ్డింగు, 'నీళ్ల దొంగ మద్దిలేటిరెడ్డిని నిలదీసిన విలేకరి!' ఓర్నాయనో! అది సదివేలోపలే జీపు సద్దు. ఉరికిపోయి మన రబ్బానీ బొగ్గుల గదిలో దాంకున్నా.

"యాడప్పా ఆ సింహం?" రెడ్డి గొంతే! మసి మొగంతో బయటికొచ్చినా.

"ఆడ నా కాళ్లు పట్టుకుంటివి. ఈడ పేపర్లో గర్జించినా అంటివి. ఏది నిజం?"

"పేపరే అబద్ధం సామీ!"

విలేకరినై ఉండి ఆ మాటన్నా. సిగ్గు గూడా గుర్తుకు రాలా.

రెడ్డి పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా పేరు అచ్చులో పడటం ఇదే మొదలు. అది అబద్ధం కాగూడదు. శనివారం మళ్లా ఆడతాం. ఇందులో ఉన్నట్లే నన్ను తిట్టాల. తిట్టకుంటే సూడు!" అని జీపెక్కి పోయినాడు.

ఆ సంగతి తన మనుషులకు చెప్పినాడో లేదో, అడిగే ధైర్యం నాకేదీ? తిట్టకుంటే రెడ్డి కొడతాడు, తిడితే వాళ్లు కొడతారు. అందుకే ఈసారి వార్త నేను రాయనప్పా. మీలో ఎవురన్నా వచ్చి సూసి రాయండి. నాటకం వార్తో, నా చావు వార్తో!