ముద్దలో గుళిగె

2022లో నేను సండూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మంగళవారాల్లో బళ్లారి నుంచి మానసిక వైద్యుడు వచ్చి ఓపీడీ చూసేవారు. ఓపీడీ అంటే చూపించుకుని అదే రోజు ఇంటికి వెళ్లిపోయేవాళ్ల విభాగం. ఊళ్లో ఆయనకు పెట్టిన పేరు హుచ్చు డాక్టర్. కన్నడంలో హుచ్చంటే పిచ్చి. ఆ పేరుకు భయపడి ఆయన గది ముందు బెంచీ మీద ఎవరూ కూర్చునేవారు కాదు. ఎదురుగా బీపీ చూసే గది ముందు కూర్చుని, పిలిస్తే తల వంచుకుని ఇటు వచ్చేవారు. ఎవరైనా పలకరిస్తే బీపీకి వచ్చామనేవారు. మొదట్లో నచ్చజెప్పేదాన్ని. తర్వాత ఓపిక పోయి మానేశాను.

గాదిలింగ కూడా అట్లాగే వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి. దోణిమలై వైపు గనుల నుంచి ఖనిజం దింపే టిప్పర్ నడిపేవాడు. వెంట తల్లి హంపమ్మ వచ్చింది. నిద్ర లేదనీ తిండి సయించడం లేదనీ అన్నీ ఆమే చెప్పింది. అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. డాక్టర్ డిప్రెషన్ అని రాసి మాత్రలిచ్చారు, అక్కడివాళ్ల మాటలో గుళిగెలు. మొదట్లో మత్తుగా ఉంటుంది, కొన్నాళ్లు బండెక్కొద్దని గట్టిగా చెప్పారు.

తర్వాతి నెల నుంచి హంపమ్మ ఒక్కతే వచ్చేది. కొడుకు పనిలో ఉన్నాడనేది. వెంటబెట్టుకు రమ్మని డాక్టర్ ప్రతిసారీ చెప్పేవారు, ఆమె ప్రతిసారీ సరేననేది. ఒక మంగళవారం నేను పక్కకు పిలిచి నిలదీస్తే అసలు సంగతి చెప్పింది. నాలుగు రోజులు మింగి అతను వద్దన్నాడట. బండెక్కాలంటే మత్తు పనికిరాదన్నాడట. అప్పటి నుంచి ఈమె మాత్ర నూరి, రాత్రి రాగి ముద్దలో కలిపి పెడుతోంది.

ఇది నాకు కొత్త కాదు. సాంబారులో కలిపేవాళ్లున్నారు, మజ్జిగలో కలిపేవాళ్లున్నారు. ఆ ఇళ్లలో రోగం సంగతి అందరికీ తెలుసు, రోగికి తప్ప. అయినా ఆ రోజు నాకు ఒళ్లు మండింది. మత్తులో ఘాట్ దిగితే ఏమవుతుందో తెలుసా అని కేకలేశాను.

"వానికేం మత్తు లేదు సిస్టర్. రాత్రంతా మేలుకొనే ఉంటాడు. మా కుక్కకే ఏమైందో, పొద్దంతా పండుకొనే ఉండాది. లారీ పోతే ఊరంతా లేచేటట్ల మొరిగేది, ఇప్పుడు కన్ను గూడా తెరవదు" అంది.

కొడుకు ఎక్కడ కూర్చుని తింటాడని అడిగాను. బయట అరుగు మీద, కుక్క పక్కనే ఉంటుందంది. నాకు నవ్వాగలేదు. ఇన్ని నెలలుగా మా వైద్యం అందింది ఆ కుక్కకు. నవ్వు అయిపోయాక భయమేసింది. ఇన్ని నెలలూ ఏ మందూ లేని మనిషి రోజూ కొండ మీది నుంచి లోడు దింపుతున్నాడు.

కొడుకు రాకపోతే మాత్రలు లేవని చెప్పి పంపాను. తర్వాతి మంగళవారం వచ్చాడు, బట్టల మీద ఎర్ర దుమ్ముతోనే. ఈసారి డాక్టర్ తల్లిని మాట్లాడనివ్వలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగారు.

"ఘాట్ దిగేటప్పుడు స్టీరింగ్ ఇడిసిపెడితే సాలు గదా అనిపిస్తాది సార్. రోజూ అనిపిస్తాది."

హంపమ్మ కుర్చీ పట్టుకుని నిలబడింది. "నాతో ఒక్క మాట చెప్పకూడదేమప్పా" అంది.

"మొదటి దినమే తెలిసిందిమ్మా, ముద్ద చేదుగా ఉండె. నువ్వు నాకే తెలీకుండా దాస్తాంటివి. అంటే యాడా చెప్పకూడని రోగమేమో అనుకుంటి."

 

ఆ రోజే బండి మానిపించాం. డాక్టర్ మాత్ర మార్చారు. అతన్ని ఒంటరిగా వదలొద్దని, మాత్రలు తల్లి దగ్గరే ఉంచుకుని పూటపూటకూ చేతికివ్వాలని చెప్పారు. బండి యజమానికి మాత్రం గాదిలింగ బీపీ అనే చెప్పుకున్నాడు. దాన్నీ సరిదిద్దే ఓపిక నాకు లేకపోయింది.

ప్రేమతో దాచినా దాచడమేనని ఆ తల్లీకొడుకుల వల్ల నాకు తెలిసింది. దాచినకొద్దీ రోగి తన రోగాన్ని చూసి సిగ్గుపడడం నేర్చుకుంటాడు. ఇప్పటికీ నెలకొకరైనా వచ్చి, అన్నంలో కలపొచ్చా సిస్టర్ అని గుసగుసగా అడుగుతారు. వద్దు, ఎందుకో చెప్పి చేతికివ్వండి అంటాను. తలూపి వెళ్తారు. ఎంతమంది వింటారో తెలియదు.

కొన్ని నెలలకు తల్లీకొడుకులు కలిసి వచ్చారు. అతను లోపల డాక్టర్‌తో మాట్లాడుతుంటే హంపమ్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"కుక్క మళ్ల లారీలకు మొరుగుతాండాది సిస్టర్" అంది.