అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగులు

మా పెద్దమామ పోయినాడని ఇప్పుడు మేముండే ఆదోనికి కబురు అందేసరికి ఆయన్ని మట్టి చేయడం కూడా అయిపోయింది. చివరిచూపు దక్కలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. గోనెగండ్లలో మా అత్తగారింటి పక్కనే ఉండే సాయిబుల రైతు. కొత్త కోడలిగా పోయిన నాకు నేలను చూడటం నేర్పింది ఆయనే.

తొలకరికి ఊరంతా విత్తుతుంటే ఆయన గట్టున కూర్చునేవాడు. ఎర్రటి ఆరుద్ర పురుగు కనబడితేనే విత్తడం ఆయన పద్ధతి. "పైతడి చూసి మోసపోవద్దమ్మా. అడుగు తడిస్తేనే అది బయటికొస్తాది" అనేవాడు. కనబడినదాన్ని అరచేతిలో కాసేపు నడిపించి, నేలకు దించి, బిస్మిల్లా అని విత్తనం పట్టేవాడు.

ఆ విత్తనం ఎర్రకొర్ర, తాతలనాటిది. ఊరు వేరుశనగకు, పత్తికి మళ్లాక ఆయన కుండలోనే మిగిలింది.

డెబ్బైల చివర్లో కార్తెలు దారి తప్పాయి. రెండేళ్లు పురుగు రాలేదు, ఆయన విత్తలేదు. "పురుగుకు జాబు రాయి సాయిబూ, వస్తాదేమో" అని ఊరు నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మూడో ఏడు కౌతాళంలో మా పుట్టింటికి పోతే అక్కడ మంచి వాన, చేలనిండా పురుగులు. అగ్గిపెట్టెలో గడ్డి వేసి ఏడెనిమిది తెచ్చి, పొద్దున్నే ఆయన చేలో వదిలాను. ఆయన ముఖంలో సంతోషం చూడాలని, అంతే.

"వచ్చినాయమ్మా, వచ్చినాయి!" అని అరిచాడు. ఇంకా ఆగితే విత్తనం చచ్చిపోతుందని కుండంతా బోర్లించి విత్తాడు. పైతడికి మొలకలు లేచాయి. తర్వాత నలభై రోజులు చినుకు లేదు, అన్నీ మాడిపోయాయి. ఆస్పరి దాకా ఊరూరా తిరిగినా ఆ కొర్ర గుప్పెడు దొరకలేదు.

నేను నోరు విప్పలేదు. ఆయన పురుగును తప్పుపట్టలేదు. "నా కండ్లే మసకబారినాయేమో" అనేవాడు. ఆ మాట నన్ను ఏళ్లతరబడి తినేసింది.

పోయిన నెల మంచాన పడ్డాడని చూడబోయి, అంతా చెప్పి ఏడ్చాను. తిడతాడనుకున్నా.

"మరి అవి బతికినాయా?" అన్నాడు.

"ఏవి మామా?"

"నువ్వు తెచ్చినవి. మా చేలో అడుగు తడి లేదు గదమ్మా. యాడికి పోయింటాయి పాపం?"

నాకు తెలియదు. వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

కబురు విన్నాక గోనెగండ్ల పోయి ఆయన చేలో నిలబడ్డాను. ముందురోజు చినుకులకు పైమట్టి కాస్త నల్లబడి ఉంది. వంగి వేలితో గీరి చూశాను. అడుగున పొడి దుమ్ము.