అరవై చేదలు

కుదురుగా కూర్చోవడం కాశమ్మకు చేతకాదు. కూర్చున్నా చీర అంచు నలుపుతూనే ఉంటుంది. ఉస్మాన్‌గంజ్ వ్యాపారి వాళ్ల యాకుత్‌పురా ఇంట్లో ఇరవై రెండేళ్లుగా నీళ్లు తోడేది ఆవిడే. రోజుకు అరవై చేదలు. అరవయ్యో ఏడు దగ్గర పడుతున్నా ఒంటి మీద చిటికెడు కొవ్వు లేదు. యజమానురాలు రుక్మిణమ్మదీ అదే ఈడు. కానీ పీట మీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి.

1976 వేసవిలో రుక్మిణమ్మకు షుగర్ అని తేలింది. మూత్ర పరీక్షలో గాజు గొట్టంలోని మందు ఇటుక రంగుకు తిరిగింది, అంటే చక్కెర బాగా ఎక్కువని. ఆసుపత్రికి తోడుగా వెళ్లిన కాశమ్మ పక్కనే నిలబడి అంతా విన్నది.

"వయసు మీదపడితే కండ కరిగిపోతుందమ్మా. రక్తంలో చక్కెరను తినేది ఆ కండే. బరువులు లాగి దానికి పని పెట్టండి. బావి ఉందిగా, నీళ్లు మీరే తోడండి," అన్నాడు డాక్టరు.

కాశమ్మకు కొలువు భయం పట్టుకుంది. అమ్మే తోడుకుంటే ఇక తనెందుకు? మర్నాటి నుంచి రుక్మిణమ్మ లేవకముందే వచ్చి నీళ్ల గోలెం నింపేసేది.

"ఇయ్యాల గూడ నింపినవా?" అని రుక్మిణమ్మ నవ్వి ఊరుకునేది. ఆవిడకు మాత్రం తోడాలని ఏమంత సరదా?

నెల తర్వాతా అదే ఇటుక రంగు. ఇంటికి వస్తుంటే దారిలో రుక్మిణమ్మ కాలి చెప్పు ఊడిపోయింది. షుగర్‌కు పాదం మొద్దుబారి ఆవిడకు తెలియనే లేదు, కాలుతున్న రోడ్డు మీద నడుస్తూనే ఉంది. వెనక వస్తున్న కాశమ్మ ఆ చెప్పు చేతిలోకి తీసుకుని ఏడ్చేసింది.

"పాపం నాదే అమ్మా. కొలువు వోతదని ఫికరై నింపిన."

"నిన్నెవరు పొమ్మన్నరే పిచ్చిదానా? నువ్వు పక్కన లేకుంటే నేనేడ తోడుత? కూసొని లెక్కవెట్టు."

మొదటిరోజు నాలుగు చేదలకే రుక్మిణమ్మ రొప్పింది. మిగతావి కాశమ్మ తోడింది. దీపావళికి నలభై అయ్యాయి, చలికాలానికి అరవై. చక్కెర తగ్గి గొట్టంలో రంగు ఆకుపచ్చకు తిరిగింది. కాశమ్మ మాత్రం గట్టు మీద కూర్చుని లెక్కపెడుతూ, చేతులు ఊరుకోక వేళ్లు విరుచుకునేది.

ఒకరోజు లెక్క ముగించి లేవబోయింది. మోకాళ్లు లేవనివ్వలేదు. మళ్లీ ప్రయత్నించింది. భయమేసింది.

రుక్మిణమ్మ చేయందించి ఒక్క గుంజుతో నిలబెట్టింది. కాశమ్మ ఆవిడ రెండో చేతిలోంచి తాడు లాక్కుంది.

"కూసొని కూసొని నా కండ గూడ కరిగింది అమ్మా. రేపటి సంది సగం నావి."