పోయొస్తానని రాసిన దరఖాస్తు

ఇవాళ మా కాలేజీలో ఏ పిల్లను అడిగినా "నిన్న లీవు పెట్టిన మేడమ్" అంటుంది, ఆ మాట తమ ఇంట్లోనే పుట్టి పెరిగినట్టు. అదే మాటను ఇంగ్లిషు వాక్యంలో పెట్టమంటే సగం మంది తప్పు పెడతారు. నేను ఎర్రసిరాతో దిద్దుతాను కానీ వెక్కిరించను. వెక్కిరించే గుణం లేక కాదు. అది నాకు కావలసినంత ఉందని మా ఇంట్లో అందరూ సాక్ష్యం చెబుతారు. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం నా నోరు అదుపులో ఉంటుంది. పదో తరగతిలో దాన్ని తప్పుగా వాడినందుకు బడి రిజిస్టర్లో నా పేరు కొట్టేశారు.

అది ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తల్లో. మాది షాద్‌నగర్ అవతల ఒక చిన్న ఊరు. గొర్రెలు, కొంచెం జొన్న చేను. నేను పాలమూరులో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఆడపిల్లల హైస్కూల్లో చదివేదాన్ని. మా అవ్వకు, అంటే బాపును కన్నతల్లికి, అది ఏడో తరగతి నుంచే నచ్చలేదు. బాపు మాత్రం ఆ ఏడు మొదట్లోనే తేల్చి చెప్పాడు: "పదోది దాక అన్న, మాట తప్ప. కాని బడోల్లే వద్దని పంపిస్తె మాత్రం మల్ల నన్ను అడుగకు." నేనూ సరే అన్నాను. నన్ను బడివాళ్లు ఎందుకు వద్దంటారని నా ధీమా.

మా ఇంగ్లిషు టీచరు గుంటూరు వైపు మనిషి. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. రోజూ బోర్డు మీద ఒకే మాట రాసేది. దాన్ని పేరుగా పెట్టి ఒక వాక్యం, పనిగా పెట్టి ఒక వాక్యం రాయాలి. 'వాటర్' రాసిన రోజు నేను లేచి నిలబడ్డాను.

"నీళ్లంటె నీళ్లు. చెట్టుకు పోసుడు గూడ వాటరే ఎట్లయితది టీచర్? ఆ భాషకు మాటలు కరువా?"

"ఏవమ్మా, ఆ భాష నేను కనిపెట్టానా? కూర్చుని రాయి తల్లీ!"

రాశాను. రెండూ ఒప్పే. అప్పటినుంచి నాకు ఇంగ్లిషంటే భయం పోయింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

చలికాలంలో ఒక పొద్దున రెండో గంట నడుస్తుండగా బాపు గొంగడి భుజానేసుకుని తరగతి గుమ్మంలోకి వచ్చాడు. గొర్రె తోసేస్తే అమ్మ దొడ్డిలో పడిందట, కుడిచెయ్యి విరిగిందట. దవాఖానలో కట్టు కట్టించి వచ్చాడు. "గొర్లు ఈనుతున్నయ్ బిడ్డా. వంటకు మనిషి లేదు, పిల్లలకు పాలు పట్టెటందుకు మనిషి లేదు. ఒక్క ఎన్మిది దినాలు రా" అన్నాడు. ఆయన పిల్లలన్నది గొర్రెపిల్లలను.

పదో తరగతి పిల్లలు దరఖాస్తు ఇంగ్లిషులోనే ఇవ్వాలని హెడ్‌మిస్ట్రెస్ ఆ ఏడే ఆర్డరు వేసింది. తక్కిన పిల్లలు గైడు చూసి 'ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్' అని బట్టీ పట్టిన ముక్కను దించేసేవాళ్లు. నాకు అది రోషంగా ఉండేది. నాకొచ్చిన ఇంగ్లిషు నాకుండగా గైడులో అడుక్కోవడం ఏమిటి? క్లర్కు కిటికీ దగ్గర నిలబడి సొంతంగా మొదలుపెట్టాను. అమ్మ చెయ్యి విరిగిందని రాశాను. తర్వాత బాపును అడిగాను, "ఇంగేం రాయాలె?"

"పోయొస్త అని రాయి."

"ఎన్మిది దినాలు పోతున్న అని రాస్త."

"ఛ! పోత అని రాస్తరా ఎవరన్న? ఇంట్ల మనిషికి చెయ్యి ఇరిగి ఉన్నది. పోయొస్త అని రాయి."

మావైపు గడప దాటే మనిషి 'పోతా' అనడు. పక్కింటికి చేట అడగడానికి పోతున్నా 'పోయొస్త' అనే అంటాడు. బాపు మాట సబబే. 'ఐ లీవ్ ది హౌస్ ఎట్ నైన్' అంటే తొమ్మిదింటికి ఇంటి నుంచి బయలుదేరతానని నాకు తెలుసు. కాబట్టి పోవడానికి 'లీవ్' పెట్టాను, రావడానికి 'కమ్' పెట్టాను. 'సో ఐ లీవ్ ది స్కూల్ అండ్ కమ్.' పక్కాగా కుదిరిందనిపించింది. సంతకం చేసి క్లర్కు చేతిలో పెట్టి బాపు వెంట బస్సెక్కాను.

తొమ్మిదో నాడు తిరిగొచ్చాను. హాజరు పిలుస్తున్నారు. నా ముందు పిల్ల పేరు వచ్చింది, నా తర్వాతి పిల్ల పేరు వచ్చింది, నాది రాలేదు. పరుగున క్లర్కు కిటికీ దగ్గరికి పోయాను. ఆయన నిజాం కాలం నుంచీ ఆ కుర్చీలోనే ఉన్న మనిషి. రిజిస్టరు నావైపు తిప్పాడు. నా పేరు మీద ఎర్రగీత, స్కేలు పెట్టి మరీ గీసింది.

"గీ దర్ఖాస్తు నువ్వే రాసినవ్ గద? బడి ఇడిసిపెడుతున్న అని రాసినవ్. పెద్ద మేడమ్ చదివి పేరు తీసెయ్యమన్నది. నీ టీసీ గూడ తయారున్నది, తీస్కపో."

"ఇడిసిపెడుతున్న అని నేనెక్కడ రాసిన?"

"లీవ్ ది స్కూల్. దస్తఖతు నీదే."

"మల్ల ఎక్కించుండ్రి."

"బాపును తోల్కరా. ఆయన దస్తఖతు గావాలె. జల్ది రావాలె మల్ల, పరీక్షకు కూసునేటోల్ల లిస్టు ఎల్లుండి పట్నం పోతది. దాంట్ల పేరు లేకుంటె నీ పరీక్ష లేదు."

బాపును పిలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. బడివాళ్లే వద్దన్నారు కదా అని టీసీ మడిచి గొంగట్లో పెట్టుకుంటాడు. అమ్మ చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. అవ్వ దేవుడికి దండం పెట్టుకుంటుంది. లిస్టు పోయేలోగా నా పేరు నేనే ఎక్కించుకోవాలి, ఊరికి కబురు పోకూడదు. చిన్నమ్మకు కూడా చెప్పలేదు.

ముందు ఇంగ్లిషు టీచరు దగ్గరికి పోయాను. వాక్యం చెప్పాను. ఆమె నవ్వలేదు, అది మెచ్చుకోవాలి.

"వాక్యంలో తప్పు లేదమ్మా. అదే వచ్చిన చిక్కు. ఇల్లు లీవ్ చేస్తే బయలుదేరడం. నీలాంటి పిల్ల స్కూలు లీవ్ చేస్తే చదువు మానేయడం. నువ్వడగాల్సింది లీవ్, పేరుగా. నువ్వు రాసింది లీవ్, పనిగా."

"ఇల్లు ఇడిస్తె మల్ల వస్తదని నమ్ముతరు, బడి ఇడిస్తె నమ్మరా టీచర్?"

"నాతో ఎందుకే దెబ్బలాట? పద, ఆవిడ దగ్గరే తేల్చుకుందాం."

హెడ్‌మిస్ట్రెస్ హైదరాబాదు మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో ఉర్దూ కలిసిన తెలుగు. గది ముందు పొడుగాటి చప్రాసీ ఉండేవాడు. మేము పోయేసరికి నా దరఖాస్తు ఆమె బల్ల మీదే ఉంది, క్లర్కు అప్పటికే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"క్యా హై? ఏం లొల్లి?" అంది ఆమె.

"మేడమ్, మీరు సగమే చదివిన్రు" అన్నాను. పక్కన టీచరు నా జడ మెల్లగా లాగింది. నేను ఆగలేదు. "లీవ్ ది స్కూల్ దగ్గరనే ఆగిపోయిన్రు. అండ్ కమ్ అని గూడ ఉన్నది. చదువు ఇడిసిపెట్టి ఏడికొస్తున్న అనుకున్నరు?"

"అది తప్పు రాసినవ్ అనుకున్నం. దానికి మత్లబ్ లేదు, అర్థం లేదు."

"మత్లబ్ ఉన్నది మేడమ్. పోయొస్త అని రాసిన. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మీరు చప్రాసీతోని ఏమంటరు?"

"ఏమంట?"

"మై జాకే ఆతీ, పోయొస్త, అంటరు. రోజూ అంటరు. మేమందరం ఇంటం. మీరు గూడ ఉత్తగ జాతీ, పోత, అనరు. మీరు పోయొస్త అంటె వస్తరు. నేను పోయొస్త అని రాస్తె నా పేరు కొట్టేస్తరా?"

క్లర్కు నన్ను మింగేసేటట్టు చూశాడు. ముందుగా చప్రాసీ గుమ్మంలో దగ్గాడు, తర్వాత హెడ్‌మిస్ట్రెస్ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక మళ్లీ గట్టిపడింది.

"బరాబర్. నీ మాట మంచిగున్నది. కానీ పరీక్షల నీ మాట చూడరు, నీ ఇంగ్లిష్ చూస్తరు. గీ స్టూల్ మీద బైఠో. లీవ్ మీద పది వాక్యాలు రాయి. పేరుగా ఐదు, పనిగా ఐదు. ఒక్కటి తప్పున్నా బాపును పిలుస్త."

ఆ కాగితం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. గెలవాలన్న కోపంలో అక్షరాలు నిబ్బుతో పొడిచినట్టు పడ్డాయి. 'మై టీచర్ ఈజ్ ఆన్ లీవ్.' 'ది బస్ లీవ్స్ ఎట్ సిక్స్.' 'ఐ వాంట్ లీవ్ ఫర్ ఎయిట్ డేస్', ఆ రోజు రాయవలసింది ఇదే. పేరుగా నాలుగైనాక ఐదోది తట్టలేదు. తెలుగులో వెతికాను. సెలవు కావాలంటాం, సెలవిమ్మంటాం, పెద్దవాళ్ల దగ్గర సెలవు తీసుకుంటాం. సెలవుకు లీవ్ అయితే ఇక్కడా కావాలి కదా అని మొండిగా రాసేశాను: 'ఐ టుక్ లీవ్ ఆఫ్ మై మదర్.'

నేను రాస్తుండగానే చదువుతూ వస్తున్న హెడ్‌మిస్ట్రెస్ వేలు అక్కడే ఆగింది. "గిదేంది? అమ్మ దగ్గర లీవ్ ఎట్ల? అమ్మ ఆఫీసరా?"

ఈసారి వాదించకుండా టీచరు వైపు చూశాను. నేను దాన్ని ఎక్కడా చదివి రాయలేదు.

ఇంగ్లిషు టీచరు కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. "ఇది ఒప్పే మేడమ్. వీడ్కోలు తీసుకోవడాన్ని ఇంగ్లిషువాళ్లూ ఇలాగే అంటారు." నావైపు తిరిగి, "ఎక్కడ నేర్చావే?" అంది.

"ఇంట్ల" అన్నాను.

పనిగా ఐదోది రాసేటప్పటికి ధైర్యం మళ్లీ వచ్చింది. 'డు నాట్ లీవ్ హాఫ్ ఎ లెటర్ అన్‌రెడ్.' ఉత్తరం సగం చదవకుండా వదలొద్దని. హెడ్‌మిస్ట్రెస్ దాన్ని పైకి చదివి క్లర్కు వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు. ఆమె నా దరఖాస్తు మూల మీద మళ్లీ ఎక్కించమని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టింది. బాపు సంతకం అడగలేదు.

కిటికీ దగ్గర మళ్లీ తకరారు. కొట్టేసిన పేరు మీద తిరిగి రాయడానికి కాయిదా లేదని క్లర్కు నన్ను అందరికంటే చివర ఎక్కించాడు. అక్షరాల వరసలో ఆఖరున ఉండే పిల్లలు కూడా ఇప్పుడు నాకంటే ముందున్నారు. "చివరనైనా సరే, లిస్టుల గూడ రాయుండ్రి" అన్నాను.

"లిస్టు సాఫు రాసి పెట్టిన. రేపు జూద్దాం."

"ఇప్పుడే రాయుండ్రి. నేనీడనే ఉంట."

"ఇంటికి పోవా?"

"పోను."

ఆయన గొణుగుతూ రాశాడు. ఇంగ్లిషులో నా పేరులో ఒక అక్షరం మింగాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి చూపించి మళ్లీ రాయించాను. లిస్టు పోయే రోజు బడి ఆలస్యంగా వదిలినా ఇంటికి పోలేదు. ఆయన కవరు అంటించి చప్రాసీకి ఇచ్చేదాకా వరండాలో కూర్చున్నాను. చప్రాసీ పోస్టాఫీసుకు నడుస్తుంటే పది అడుగుల వెనక నేనూ నడిచాను. అతను ఒకసారి తిరిగి చూసి, "ఎందుకు బిడ్డా వస్తున్నవ్? నేను పారేస్తనా?" అన్నాడు.

"ఏమో, నాకేం ఎరుక" అన్నాను.

కవరు ఎర్ర డబ్బాలో పడి అడుగున తగిలిన చప్పుడు విన్నాను. అప్పుడు చిన్నమ్మ ఇంటి దారి పట్టాను.