బండల సందులో నా కొలత

నల్లమల అడవి ఒకసారి నన్ను మింగబోయింది. గొంతులో అడ్డం పడ్డాను కాబట్టి బతికి బయటపడ్డాను. ఈ సంగతి విని మీరు నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చివర్లో తప్పు నాదేనని లెంపలేసుకుంటానని మాత్రం కాచుకుని కూర్చోకండి.

అప్పటికి వనపర్తిలో లేడీస్ టైలర్ షాపు కొత్తగా పెట్టాను. మనిషి గుమ్మంలో కాలు పెట్టగానే, టేపు ముట్టకుండా నడుము కొలత చెప్పేసేదాన్ని. వచ్చినవాళ్లు నోరు వెళ్లబెట్టి మెచ్చుకునేవాళ్లు. ఆ మెచ్చుకోళ్లకు నా తల ఎంత ఉబ్బిందో కొలవడానికి మాత్రం ఏ టేపూ చాలేది కాదు.

దసరా పోయింది, వానలు వెనకపట్టాయి. మా ఆయన నరేష్ స్నేహితులంతా కుటుంబాలతో సహా కొల్లాపూర్ అవతల అడవిలో పొద్దంతా నడిచి, కొండెక్కి దిగుదామని జీపులు మాట్లాడారు. మా అత్తమ్మ కూడా బయల్దేరింది.

"నీకు మోకాళ్ల నొప్పులు గదనే అమ్మా" అన్నాడు నరేష్.

"కొండ మీద మీకు అన్నమెవరు పెడ్తరు?" అని, పెద్ద మామిడికాయ తొక్కు డబ్బా ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఆ ఏడు తొక్కులో నూనె బాగా తేలిందని దారి పొడుగునా చెప్పింది.

అడవి పచ్చగా ఉంది. గడ్డి మనిషెత్తు పెరిగింది, బండల మీద పాచి ఇంకా ఆరలేదు, సీతాఫలాలు అప్పుడప్పుడే కళ్లు విప్పుతున్నాయి. సగం కొండ ఎక్కాక ఏనుగుల్లాంటి రెండు బండలు దారికి అడ్డంగా నిలబడ్డాయి. వాటి మధ్య ఒక సందు. మాకు దారి చూపించే ఫారెస్టు వాచర్ అక్కడ ఆగాడు.

"బక్క పోరగాండ్లయితే గీ సందుల నుంచి దూరిపోతరు. మనం జర చుట్టు తిరిగి పోదం" అన్నాడు.

అందరూ కదిలారు. నేను సందును చూస్తూ నిలబడ్డాను. నరేష్ వెనక్కి తిరిగి, అందరూ వింటుండగా అన్నాడు: "నువ్వు పట్టవు తియ్, దా."

పట్టనట. టైలర్ని, నాకు కొలత చెప్పాడు.

"నాకే కొలతలు చెప్తున్నవా?"

"కొలత గాదే, అది బండ."

"బండను గూడ కొలుస్త. నువ్వు చుట్టు తిరిగి రా, నీకంటే ముందు అవతల ఉంట."

కంటితో సందును కొలిచాను, నన్ను నేను కొలుచుకున్నాను. బాగానే వదులుందని తేల్చాను. ఊరందరి నడుములూ తెలిసినదానికి సొంత నడుము తెలియదని అప్పటికి ఎవరూ చెప్పలేదు. పక్కకు తిరిగి, వీపున సంచితోనే దూరాను. సగం దాకా హాయిగా సాగింది. తర్వాత నడుము ఆగింది. వెనక్కి రాబోతే సంచి పట్టేసింది.

మోకాళ్ల నొప్పితో సందు ఇవతలే చతికిలబడ్డ అత్తమ్మ తొంగి చూసింది.

"ఏందే, ఆగినవ్?"

"చూస్తున్న."

"ఏం జూస్తున్నవ్?"

"బండను."

"బండల ఏమున్నది?"

"చల్లగున్నదత్తమ్మా."

ఇంకాస్త వంగి చూసింది. "ఇరికినవా?"

"లేదు."

"మరి పో."

"పోత. తొందరేమున్నది?"

ఈలోగా అటువైపు నుంచి నరేష్ గొంతు వినిపించింది. "ఇంక రాలేదేంది?"

"సీనరీ చూస్తున్న" అని అరిచాను. ముక్కుకు ఆనుకుని బండ తప్ప నాకు కనిపించే సీనరీ ఏదీ లేదు.

అప్పుడు కాలికింద రాయి జారింది. నేను ఇంకాస్త కిందికి దిగబడ్డాను. ఛాతీ బిగుసుకుపోయింది. ఊపిరి సగమే లోపలికి వస్తోంది. నిజం చెప్పాలంటే అక్కడితో నా వేషాలన్నీ దిగిపోయాయి.

"అత్తమ్మా" అన్నాను, అంతే.

ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. "నరేషూ, ఆడోళ్ల పని ఉన్నది, అటు తిరిగి కూసో" అని కేకేసి, తొక్కు డబ్బాతో సందులోకి వచ్చింది. ఉల్లిపాయలు కోయడానికి తెచ్చిన చాకుతో నా సంచి పట్టీలు కోసి లాగేసింది. డబ్బా వంచి నా ఒంటికీ బండకీ తొక్కు నూనె పట్టించింది, కారంతో సహా.

"ఇగ వెనకకు రా బిడ్డా."

"ముందుకే పోత."

"ఊపిరాడక సస్తున్నవ్. ఇంక ముందుకేంది?"

"వెనకకొస్తే ఆయన మాట నిజమైతది."

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. "మీ మామ గూడ నన్ను గిట్లనే అంటుండె. బాయి దిగుడు నీతోని గాదనె."

"నువ్వేం జేసినవ్?"

"దిగిన. పాణం గట్టిగ వట్టు. ఊపిరంత ఇడువు."

ఇడిచాను. భుజం ఆనించి ఒక్క తోపు తోసింది. నోట్లో సీతాఫలం గింజ జారినట్టు జారి అవతల పడ్డాను. గీసుకుపోయిన చోటల్లా కారం అంటుకుని, కొండ దద్దరిల్లేలా కేక పెట్టాను. నరేష్ ఇటు తిరిగాడు. మెడ నుంచి మోకాళ్ల దాకా ఎర్రగా ఉన్న భార్యను చూశాడు.

"రక్తం" అని, గోడకు ఆనించిన గోనెసంచిలా కూలబడ్డాడు.

వాచర్ పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్లు చల్లాడు. నరేష్ కళ్లు తెరిచాడు, నన్ను చూశాడు, మళ్లీ మూశాడు. వాచర్ నా దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"రక్తం గాదు సార్, తొక్కు. ఎల్లిపాయలు గూడ కానొస్తున్నయి."

కొండంతా నవ్వింది. నరేష్ మెల్లగా లేచి కూర్చుని, "అంటే ఇరికినవన్నట్టు" అన్నాడు.

"ఇరికిన. అయితే ఏంది? అటు దిక్కు దూరిన, ఇటు దిక్కు ఎల్లిన."

నరేష్ లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. నిలబడే ఓపిక లేదు. ఇద్దరు స్నేహితులు చెరో రెక్కా పట్టుకుని అతన్ని దింపారు. నేను నా కాళ్ల మీద దిగాను, మంటకు ఎగురుతూనే అనుకోండి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తొక్కు పూసుకోనేల, ఒళ్లు కడగనేల అని నాకు ఎవరూ చెప్పలేదు. కింద వాగులో మెడలోతు కూర్చుని ఒళ్లంతా కడుక్కున్నాను. అత్తమ్మ గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను చెయ్యెత్తి, నల్లమల సాక్షిగా, కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ ఆ సందులోకి దూరను.

అత్తమ్మ అనుమానంగా చూసింది. "గా ఒక్క సందేనా, సందులన్నీనా?"

"గా ఒక్కటే."

"అట్ల చెప్పు" అంది.