రాజేశం కాకకు నేనిచ్చిన సమ్మతి

దయ్యాల కబుర్లంటే మా గల్లీలో అందరికన్నా ముందు నవ్వేది నేనే. కాంట్రాక్ట్ చట్టంలో ఎల్ఎల్ఎం చేసినదాన్ని. కాగితం మీద లేని మాటనే నమ్మను, ఇక కంటికి కనపడనివాటినేం నమ్ముతాను? ఇప్పటికీ దయ్యాలున్నాయని వాదించను. జరిగింది మాత్రం చెబుతాను.

కరోనా రెండో వేవ్ అప్పుడు మేం సూరత్‌లోని లింబాయత్‌లో ఉండేవాళ్లం. నాన్న మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. జబ్బు ముదిరి ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఒకరోజు పొద్దున డాక్టర్ ఫోన్ చేసి, ఆశ పెట్టుకోవద్దన్నాడు. అమ్మ ఆస్పత్రి గేటు దగ్గరే కూర్చుంది. నాకేమో మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో ఎల్ఎల్ఎం వైవా. మానేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు.

వైవా మధ్యలో, మూడింటప్పుడు, తలుపు దగ్గర రాజేశం కాక నిలబడ్డాడు. కార్ఖానాలో నాన్న పక్క మగ్గం ఆయనది. ఇద్దరిలో ఒకరు పనికి రాలేకపోతే రెండోవారు బద్లీ వెళ్లి ఆ షిఫ్టు నడిపేవారు. వెళ్లే ముందు ఇంటికొచ్చి, మాచేత సరేననిపించుకుని పోవడం కాక అలవాటు.

మాస్కు లేదు. భుజాల మీద దారపు పోగులున్నాయి. కార్ఖానా మూతపడి అప్పటికి మూడు వారాలు.

"బిడ్డా, దవాఖానల మీ నాయిన మంచం మీదికి నేను బద్లీ పోత. ఆయనను ఇంటికి పంపిస్త. నీకు సమ్మతేనా?"

దోస్తు మీది బెంగతో మతి చెడి మాట్లాడుతున్నాడనుకున్నాను. స్క్రీన్ మీద ప్రొఫెసర్ ఎదురుచూస్తున్నారు. విసుగ్గా, "సరే కాకా, గట్లనే పో" అన్నాను. తల ఊపి మెట్లు దిగాడు.

సాయంత్రానికి నాన్న కోలుకోవడం మొదలైంది. డాక్టర్‌కే అర్థం కాలేదట. అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసి, ఆ మాట చెప్పాక గొంతు తగ్గించింది.

"రాజేశం పోయిండే. మూడు దాటినంక. రెండు దినాల సంది సోయి లేకుండ గీ దవాఖానలనే ఉండె. నీ పరీక్ష పాడైతదని చెప్పలే."

కేసులెక్కువని మా గల్లీకి రెండు వైపులా వెదుళ్లు కట్టి పోలీసులు కాపలా ఉన్నారు. వెళ్లి అడిగాను. మధ్యాహ్నం బయటివాళ్లెవరూ లోపలికి రాలేదన్నారు.

కాలేజీవాళ్లు వైవాలన్నీ రికార్డు చేసేవాళ్లు. నాది అడిగి తెప్పించుకుని పదిసార్లు విన్నాను. మైక్ ఆపడం మరిచానప్పుడు. కాసేపు నిశ్శబ్దం, దూరంగా అంబులెన్స్ మోత, తర్వాత నా గొంతు: "సరే కాకా, గట్లనే పో." ఆయన మాట ఒక్కటీ లేదు. అంగీకారం ఉంది, ప్రతిపాదన లేదు. అలాంటి ఒప్పందం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నిద్రలేక ఏదో ఊహించుకున్నావని స్నేహితులంటారు. కావచ్చు. కాక ఆస్పత్రిలో ఉన్నాడనే నాకు తెలియదు, మరి ఆ ఊహ ఎక్కడిది?

కాక భార్య ఎదురైతే ఇప్పటికీ తల దించుకుంటాను. "మీ నాయినన్న బతికిండు బిడ్డా, గదే సాలు" అంటుందామె. ఆ మధ్యాహ్నం వచ్చిందెవరో, అసలెవరైనా వచ్చారో లేదో నేను తేల్చుకోలేకపోయాను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆయన అన్నంత పనీ చేస్తాడని ముందే తెలిసినా, నేను సరేననేదాన్ని.