చెక్కలో దిగిన కత్తి

ఆ ఉదయం నేను కూర్చుంటే ఒట్టు. కుక్కర్ పెట్టాను, దించాను, గేటు దాకా వెళ్లాను, వచ్చాను, ఉతికి ఆరేసిన బట్టల్నే తీసి మళ్లీ జాడించాను. రిసార్టు మేనేజరు మా దీవి అవతలి ఒడ్డునున్న వండూర్ నుంచి బయల్దేరానని ఫోన్ చేశాడు. దారిలో ఆగి టీ తాగినా వంట అయ్యేలోపే డెలానీపూర్‌లో మా గుమ్మం ముందు దిగుతాడు. దిగి, మా ఆయన పనిముట్లన్నీ పెట్టెలో వేసుకుని పోతాడు.

అమ్ముకుంటున్నాం అనుకునేరు. ఊరికే ఇచ్చేస్తున్నారు ఆయన.

మా ఆయన ఓడలు బాగుచేసే యార్డులో వడ్రంగి. అది పొట్ట కోసం. ప్రాణమంతా గిటార్లూ, మాండలిన్లూ చెయ్యడంలోనే ఉండేది. మా తెలుగు చర్చిలో ఆదివారం వాయించే గిటార్లు ఆయన చేతివే. కిందటి వానల్లో పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది, మాట తేరుకుంది. కుడి చెయ్యి మాత్రం పైకి లేస్తుంది గాని వేళ్లు ముడుచుకోవు. అప్పటినుంచి వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటున్నారు. ఏడ్చినా సర్దుకునేదాన్ని, తిట్టినా పడేదాన్ని. ఊరికే కూర్చున్న మనిషిని చూడటం మాత్రం నా వల్ల కాలేదు.

ఎవరో టూరిస్టు విరగ్గొట్టిన చిన్న గిటారు పట్టుకుని మొన్నామధ్య వచ్చాడు ఆ మేనేజరు, బాగుచేయిద్దామని. అది కుదరదని తెలిశాక, గోడకు ఆనించిన పనిముట్లు చూసి మురిసిపోయాడు. రెస్టారెంటు గోడకు వీటిని తగిలించి పైన చిన్న లైటు పెడితే ఎంత బాగుంటుందో అన్నాడు. “లే జావ్,” అన్నారు మా ఆయన. తీసుకుపొమ్మని! ఇంకొక్క మాట లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. గోడకు తగిలించడానికి అవేమైనా క్యాలెండర్లా?

వాటిలో అతను ఎక్కువ ముచ్చటపడ్డదీ, నాకు బాగా తెలిసిందీ చీల్చే కత్తే. పాత జీపు కమాను పట్టీని కొలిమిలో కాల్చి సాగగొట్టించి చేయించుకున్నారు. కత్తి అడ్డంగా, పిడి నిలువుగా ఉంటుంది. చెక్క కొసమీద ఆనించి, గట్టి పడాక్ చెట్టు కొమ్మతో చేసిన కొయ్యసుత్తితో దాని వీపు మీద కొట్టాలి. దిగాక పిడి పట్టుకుని అటూ ఇటూ వంచుతూ పోతే చెక్క తన నార వెంట తానే విచ్చుకుంటుంది. గిటారు ముందు పలకను రంపంతో కోయకూడదంటారు ఆయన. రంపం తనకు తోచిన దారిన పోయి నారను మధ్యలో తెంపేస్తుందట, అలాంటి పలక తీగలు బిగించగానే వంగిపోతుందట.

మంచం కింద ఒక పైన్ దిమ్మ ఉంది. ఏదో పెద్ద జనరేటర్ కింద ఆసరాగా ఓడలో వచ్చింది. యార్డువాళ్లు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నారు. అంత తేలికైన, తిన్నని చెక్క మా దీవుల్లో పెరగదు. మంచి గిటారు చేస్తానని ఏళ్ల తరబడి అట్టేపెట్టారు. ఊడ్చినప్పుడల్లా చీపురు తగిలి విసుక్కునేదాన్ని. ఆ రోజు దాన్ని బరబరా ఈడ్చుకొచ్చి వరండాలో నిలబెట్టాను.

“ఏటే ఆ సప్పుడు?” అన్నారు తల తిప్పకుండానే.

“మీ దిమ్మ. చీల్చేత్తాను.”

“పిచ్చెక్కిందేటి?”

“ఎక్కింది. మీ కత్తి గోడెక్కేలోగా నేనూ ఓసారి పట్టుకుంటాను. ఏం, అడ్డమా?”

ఆయన రోడ్డు వైపే చూస్తున్నారు. అదే నన్ను ఇంకా రెచ్చగొట్టింది. కత్తి ఆనించి ఒక్కటేశాను. సుత్తి ఎగిరి నా మోకాలికే తగిలింది. మళ్లీ కొట్టాను. ఈసారి కత్తి దిగింది. దిమ్మను పడుకోబెట్టి, చెక్క కదలకుండా వరండా మూల ఆయన పాతుకున్న పంగకర్రలో ఇరికించి, పిడి పట్టుకుని బలమంతా పెట్టి వంచాను. చెక్క బర్రుమని విచ్చుకుంది. అబ్బో, ఎంత సంతోషమనిపించిందో! నాకిదంతా చేతనవుననుకున్నాను. ఇంకా వంచాను, ఇంకా వంచాను. రోడ్డు మీద ప్రతి బండి చప్పుడూ మేనేజరుదే అనిపించి చేతులు తొందరపడ్డాయి.

“ఆపు!”

ఉలిక్కిపడ్డాను. జబ్బు చేశాక ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. కుర్చీ నా వైపు తిరిగి ఉంది.

“చప్పుడు మారింది, వినపడలేదేటి? నార తెగిపోతంది. చీలిక పక్కకి ఎల్లిపోయింది, చూడు.”

చూశాను. చీలిక మధ్యనుంచి ఒక వైపు జరిగిపోయింది. ఒక ముక్క మందంగా, ఇంకొకటి సన్నంగా అవుతోంది. ఇంకొంచెం వంచితే సన్నముక్క విరిగి ఊడిపోతుంది. ఆయనకున్న ఒకే ఒక్క దిమ్మ. మనిషిని లేపుదామని పోయి మిగిలిన ఆశను కూడా నా చేత్తో నరికేశానా దేవుడా అనుకున్నాను.

“ఇప్పుడేం చెయ్యాలి?”

“మందంగా ఉన్న ముక్క కిందికి తిప్పు. దాన్ని కిందికి అదుముతా పిడి వంచు. అప్పుడు చీలిక మళ్లీ మధ్యకి వత్తాది.”

తిప్పాను. పిడి వంచితే అదమలేను, అదిమితే పిడి అందదు. ఒకసారి పిడి జారింది, ఇంకోసారి నేనే జారాను. “నాకేమైనా నాలుగు చేతులున్నాయా?” అని అరిచాను.

ఆయన లేచారు. గోడ పట్టుకుని వచ్చి ఆ మందం ముక్క మీద కుడి చెయ్యి వేశారు. వేళ్లతో పట్టుకోలేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఆనించి ఒళ్లు బరువంతా దాని మీద వదిలేశారు. ఎడమ చేత్తో నా చెయ్యి తోసేసి పిడి లాక్కున్నారు. మెల్లగా వంచారు. చెవి చెక్కకు దగ్గరగా పెట్టి, ఆగి, మళ్లీ వంచారు. చీలిక మధ్యకు తిరగడం నేను కళ్లారా చూశాను. ముందే పాడైన చోట కొంత పోయింది. గిటారుకు వెడల్పు చాలదు. “మాండలిన్‌కి సరిపోద్ది,” అన్నారు తనలో తను.

అప్పుడు మోగింది హారన్.

మేనేజరు అట్టపెట్టె పట్టుకుని నవ్వుతూ లోపలికొచ్చాడు. “అంకుల్, సామాన్ రెడీ హై?”

మా ఆయన తలెత్తలేదు. ఈయన ఇప్పుడు తప్పుకుని కుర్చీలోకి పోతే ఇక ఈ జన్మకు లేవరని నాకు తెలుసు.

అతను మిగతావి చూసి, ముచ్చటపడ్డ వస్తువు కనబడక, “వో చాకూ?” అన్నాడు. ఆ కత్తేదీ అని.

“లకడీ కే అందర్ హై,” అన్నారు ఆయన. చెక్క లోపలుందని.

“తో మై రుకూఁ, అంకుల్?” ఆగమంటారా అని అడిగాడు పాపం, మర్యాదగానే.

“రుకో మత్. ఉధర్ పకడో. కస్ కే.” ఆగడమెందుకు, ఆ కొస గట్టిగా పట్టుకోమని.

అతను నా వంక చూశాడు. అట్టపెట్టె కింద పెట్టి, చొక్కా చేతులు మడుచుకుని, వంగి పట్టుకున్నాడు. మా ఆయన చెయ్యి మళ్లీ చెక్క మీద వాలింది. చెమట ఆయన గడ్డం దాకా కారుతోంది. ఎన్ని నెలలయిందో ఈ ఇంట్లో చీల్చిన చెక్క వాసన వచ్చి. నాకు ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిమ్మ మీదికి వంగి చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాను.

“ఏటే, మీదకొచ్చి ఏడుత్తావు? చెక్క తడిసిపోద్ది. అవతలికి ఎల్లు!”